గొట్టం మీద మూడు దెబ్బలు

జినైదా ల్వోవ్నా గది వెచ్చబెట్టే రేడియేటరు మీద చెయ్యి పెట్టి చూసింది.

చల్లగా ఉంది.

వోలోగ్దా ఊళ్ళో చలికాలానికని ఇళ్ళ గొట్టాలకి వేడినీళ్ళు వదిలి వారమైంది. ఆమె ఉండే అయిదంతస్తుల భవనంలో మెట్లకి అటుపక్క ఇళ్ళలో ఉక్కపోసి కిటికీలు తెరుచుకుంటున్నారు. ఇటుపక్క ఒకదాని మీద ఒకటిగా ఉన్న అయిదు ఇళ్ళకీ ఒకటే గొట్టం. ఆ అయిదింటికీ వేడి రాలేదు.

ఆమెది మూడో అంతస్తు. కూతురు రిమ్మా, నెల నిండని బిడ్డతో అక్కడే ఉంటోంది. పసివాడికి పక్కలో కూడా టోపీ తియ్యడం లేదు. దగ్గు పట్టుకుంది. రేపటికి గది వెచ్చబడకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని పొద్దున డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది.

జినైదా తిప్పగలిగిన మరలన్నీ తిప్పింది. కింది ఇంటి గెన్నాదీ ప్లతోనొవిచ్ సుత్తి తెచ్చి గొట్టాన్ని కొట్టాడు. తుప్పు అడ్డుపడిందన్నాడు. నేలమాళిగలోకి దిగి చూస్తే అక్కడ గొట్టం కాలుతోంది.

"ఏటా అందరికంటే ముందు మనకే వచ్చేది కదమ్మా," అంది రిమ్మా.

"ఆ సారా ముసలాడు పోతూ పోతూ ఏదో విరగ్గొట్టి ఉంటాడు."

సారా ముసలాడంటే అయిదో అంతస్తు ఎఫీమ్ సావిచ్. నాటకశాలలో ప్రేక్షకుల కోట్లు తగిలించి బిళ్ళలిచ్చే పని చేసి రిటైరయ్యాడు. ఒంటివాడు.

ఏటా వేడినీళ్ళు వదిలిన రోజున ఆయన ఇంట్లో బుసబుసమని చప్పుడయ్యేది. తర్వాత గొట్టం మీద మూడు దెబ్బలు. తర్వాత ఆయన బకెట్టుతో మెట్లు దిగేవాడు. అందులో నల్లనీళ్ళు. కంపు.

బుస, కంపు, బకెట్టు. నాటుసారా అని తేల్చడానికి ఆ మెట్ల మీది ఇళ్ళవాళ్ళకి ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ఆ మూడు దెబ్బలూ, తాగినవాడి వీరంగమన్నారు. అవి వినబడగానే జినైదా గరిటె తీసుకుని తిరిగి గొట్టాన్ని వాయించేది. మర్నాడు మెట్ల మీద ఎదురైతే ఆయన టోపీ ఎత్తి, "వినబడింది, జినైదా ల్వోవ్నా. సంతోషం," అనేవాడు.

"పొగరు చూశారా? సిగ్గు కూడా బట్టీ పెట్టి తాగేశాడు," అనేది ఆమె గెన్నాదీతో.

కిందటేడు సారా మీద చట్టం బిగిసింది. జినైదా ఠాణాకి కబురు పెట్టింది. పోలీసు వచ్చి ఇల్లంతా వెతికాడు. బేసిను, బకెట్టు, గుడ్డ తప్ప ఏమీ లేవన్నాడు. ముందే పారబోసి ఉంటాడంది ఆమె. గెన్నాదీ ఎర్రముక్కుతో ఆయన బొమ్మ గీసి కింది తలుపుకి అంటించాడు. ఎవరూ తియ్యలేదు.

మే నెలలో ఆయన చెల్లెలి ఊరికి బయల్దేరాడు. వెళ్ళేరోజు జినైదా తలుపు తట్టాడు. దారానికి కట్టిన రెండు తాళంచెవులు చాపాడు.

"ఇవి మీ దగ్గర ఉంచండి. పెద్దది తలుపుది. చిన్నది..."

"నాకెందుకు?"

"ఇన్నేళ్ళలో నాకు బదులు పలికింది మీరొక్కరే."

"మీ కుండలకి కాపలా ఇంకెవర్నైనా చూసుకోండి," అని ఆమె తలుపు వేసింది.

ఆగస్టులో ఆయన చనిపోయాడని తెలిసింది. తాగి తాగి పోయాడని చెప్పుకున్నారు.

మధ్యాహ్నం ఇళ్ళ బాగోగులు చూసే ఆఫీసు నుంచి ప్లంబరు వచ్చాడు. జినైదా ఇంట్లో రేడియేటరు వంక అతను చూడనైనా చూడలేదు.

"అయిదో అంతస్తులో ఎవరున్నారు?"

"తాగుబోతు ఉండేవాడు. చచ్చాడు."

"తాళంచెవి?"

తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. గెన్నాదీ గొడ్డలి తెచ్చాడు. సారా కుండలు చూడ్డానికి మెట్లవాళ్ళంతా వెనకే ఎక్కారు.

కుండలు లేవు. రేడియేటరు పక్కన ముక్కాలిపీట, బేసిను, బకెట్టు, గుడ్డ.

ప్లంబరు బేసిను జరిపి, రేడియేటరు అంచున ఉన్న చిన్న మరని తన జేబులోని చిన్న తాళంచెవితో తిప్పాడు. బుసబుసమంది. ఆ చప్పుడు అక్కడ అందరికీ తెలుసు. తర్వాత నల్లనీళ్ళు పడ్డాయి. ఆ కంపూ తెలుసు.

"వేసవిలో గొట్టాలు ఖాళీ చేసి మళ్ళీ నింపుతాం. గాలంతా వచ్చి ఇక్కడ ఇరుక్కుంటుంది," అన్నాడు ప్లంబరు. "అది వదిలితే గాని కింద ఎవరికీ వేడి రాదు. ఊరంతా తిరిగి మేం వదిలేసరికి నవంబరు దాటుతుంది. మీ గొట్టానికి మాత్రం ఎప్పుడూ మమ్మల్ని పిలవలేదు. ఎవరు చేసేవాళ్ళు?"

గెన్నాదీ గొడ్డలిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

వేడినీళ్ళు రావడం మొదలయ్యాక కూడా ప్లంబరు మర కట్టలేదు. రెంచితో గొట్టాన్ని మూడుసార్లు కొట్టాడు.

"అదెందుకు?" అంది జినైదా.

"వేడి అందిందా అని కింది వాళ్ళని అడుగుతున్నాను. అందిందని ఎవరైనా తిరిగి కొడితే కట్టేస్తాను. వెళ్ళి చూడండి."

జినైదా మెట్లు దిగింది. రేడియేటరు వెచ్చబడింది. రిమ్మా పసివాడి టోపీ విప్పుతోంది.

పైన మళ్ళీ మూడు దెబ్బలు వినబడ్డాయి.

ఆమె గరిటె అందుకుంది గాని చెయ్యి లేవలేదు. ఇన్నేళ్ళూ తను తిట్టుకుంటూ కొట్టిన ఆ దెబ్బ కోసమే పైన ఎఫీమ్ సావిచ్ ముక్కాలిపీట మీద చెవి ఒగ్గి కూర్చునేవాడు, అది వినబడ్డాకే మర కట్టి లేచేవాడు.