లుద్విక చావదట!

హల్ష్కా తిరిగిచ్చిన నవల తెరిచి చూడగానే కజిమీరాకు ఒళ్ళు మండిపోయింది.

చివరి ఆరు పేజీలు లేవు. ఎవరో వాటిని చింపేసి, ఆ చోట చేతిరాత కాగితాలు అంటించారు.

ఆ క్షయ శానిటోరియంలో లైబ్రరీని పదకొండేళ్ళుగా ఆవిడే చూస్తోంది. పుస్తకాల మీద టీ మరకలు చూసింది, జామ్ మరకలు చూసింది. కథనే మార్చేసిన మనిషిని మాత్రం ఇదే మొదటిసారి చూడటం.

"ఎవరి పనే ఇది?"

హల్ష్కా బిక్కమొహం వేసింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. చలికాలమంతా మంచం దిగనిది, ఇవాళే తనంతట తాను లైబ్రరీ దాకా నడిచొచ్చింది.

"నాకేం తెలుసమ్మగారూ! పక్క గది విల్చెక్ గారు తెచ్చిచ్చారు. కానీ ముగింపు ఎంత బాగుందో! లుద్వికకి జబ్బు నయమైపోతుంది. కొండ దిగి స్టేషన్లో ఆల్‌బుఖరా పళ్ళు కొనుక్కుని తింటుంది కూడా."

"లుద్విక చచ్చిపోతుందే, మొద్దూ!" అనబోయి కజిమీరా నాలిక కరుచుకుంది. పుస్తకం పట్టుకుని విసవిసా వరండాలోకి నడిచింది.

విల్చెక్ రెండు దుప్పట్లు కప్పుకుని ఎండలో పడుకుని ఉన్నాడు. క్రాకొవ్ రైల్వే ఆఫీసులో టైమ్‌టేబుళ్ళు వేసే గుమాస్తా. శరదృతువులో ఇక్కడికొచ్చాడు.

"మీకేమైనా బుద్ధుందా విల్చెక్ గారూ?"

"ఉంది గానీ, కాస్త ఆలస్యంగా వచ్చింది."

"లుద్విక నెత్తురు కక్కుకుని పోతుంది. అది చదివి నేను మూడుసార్లు ఏడ్చాను!"

"ఆ పిల్ల కూడా ఏడవాలా? సూప్ ముట్టడం మానేసింది. ఈ నవలే కావాలంది. లుద్విక ఏమైతే నేనూ అదే అవుతానంది. నన్నేం చెయ్యమంటారు?"

"అయితే కథ మార్చేస్తారా? లుద్విక మొదటి పేజీలోనే దగ్గుతుంది. దాని రాత అక్కడే తేలిపోయింది. అంత పెద్ద రచయిత ఊరికే రాశాడా?"

"పెద్దా లేదు, గిద్దా లేదు. శుద్ధ బద్ధకస్తుడు. దగ్గే అమ్మాయిని ఏం చెయ్యాలో తోచక చంపేశాడు. అప్పటికి వాడికి జలుబు కూడా చేసుండదు."

"ఆయన్ననడానికి మీరెవరండీ? రైళ్ళ లెక్కలు చూసుకునేవాళ్ళు!"

"అందుకే చెప్తున్నా. క్రాకొవ్‌లో బయల్దేరిన రైలు ఇక్కడికి రావాల్సిందే. దానికి పట్టాలున్నాయి. దగ్గు మొదలైన పిల్లకి పట్టాలెవరు వేశారమ్మా?"

నవ్వబోయి దగ్గాడు. రుమాలు ఎర్రబడింది.

కజిమీరాకు జాలేసింది. కానీ జాలి వేరు, లైబ్రరీ వేరు. ఇవాళ ఈయన్ని వదిలేస్తే రేపు ఇంకొకాయన హంతకుణ్ణి పెళ్ళికొడుకుని చేస్తాడు!

ఆయన కళ్ళ ముందే ఆ కాగితాలన్నీ ఊడబీకింది.

"ఇవి పొయ్యిలోకి పోతాయి."

విల్చెక్ చెయ్యి దుప్పటిలోంచి సగం పైకి లేచి ఆగిపోయింది.

"ఒక్క మాట. ఆ పిల్ల చివరిదాకా చదివిందా?"

"ఆఁ, చదివింది. నడిచొచ్చి మరీ పుస్తకం ఇచ్చింది."

"నడిచా?" ఆయన మొహం వెలిగిపోయింది. "అయితే వాటి పని అయిపోయింది. కాల్చుకోండి."

కజిమీరా కాల్చేసింది. ఆ కోపంలోనే వార్సాలోని ప్రచురణకర్తలకు ఉత్తరం రాసి పడేసింది. మతిలేని రోగి ఒకడు పుస్తకం పాడుచేశాడనీ, అసలు ముగింపు ఉన్న ఆరు పేజీలు వెంటనే పంపాలనీ.

వారం తిరక్కుండా కొండల మీంచి హల్నీ గాలి దిగింది. ఆ వేడిగాలిని జబ్బు ముదిరిన రోగులు తట్టుకోలేరు. మూడో రోజున విల్చెక్ పోయాడు. హల్ష్కా వెక్కివెక్కి ఏడ్చింది, అయినా గిన్నెడు సూప్ తాగింది.

ఖననమైన మర్నాడు వార్సా నుంచి జవాబు వచ్చింది. కవరులో పేజీలు లేవు, ఉత్తరం మాత్రమే ఉంది. వీళ్ళూ ఇంతే అని విసుక్కుంటూ కజిమీరా చదివింది.

"అమ్మా, ఆ పాత ముగింపు మేమిక అచ్చు వెయ్యము. కలం పేరుతో ఆ నవల రాసిన జెనోన్ విల్చెక్ గారు శరదృతువు నుంచి మీ శానిటోరియంలోనే ఉన్నారు. కొత్త ముగింపు రాశాననీ, ఉన్న ఒక్క ప్రతినీ మీ లైబ్రరీ పుస్తకంలో అంటించాననీ ఆయన మాకు తెలియజేశారు. దయచేసి ఆ కాగితాలు చిరగకుండా ఊడదీసి మాకు పంపగలరు."