సోమవారాల పగ

తప్పులుంటే మన్నించండి. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను, చెయ్యి నెమ్మది.

ఫిన్లాండ్‌లోని మా తెగవాళ్ళలో, చచ్చినవాడి ఇంటివాళ్ళు కనబడితే చంపినవాడి ఇంటివాళ్ళు లేచి వెళ్ళిపోవాలి. ఇరవై ఏళ్ళ కిందట హెల్మీ తమ్ముణ్ణి చంపింది తైమి భర్త. తైమికి మోకాలి కింద ఎముక కోసి కాలు సరిచేశారని తెలిసినప్పటినుంచి, హెల్మీ ప్రతి సోమవారం ఆ ఆసుపత్రికి వస్తోంది.

ఈరోజూ వచ్చి ఎదురుగా కూర్చుంది. తైమి చంకకర్రలు అందుకుని, పళ్ళ బిగువున లేచింది.

"ఇక చాల్లేమ్మా, ఇలా లేపితే ఆ ఎముక అతకదు," అంది హెల్మీ కూతురు వల్మా.

"అతకకూడదనేగా నా ఏడుపు! నా తమ్ముడు మళ్ళీ లేచాడా?"

నడవా చివర డాక్టరు తైమిని ఆపాడు. "ఎముక భలే అతికిందండీ! బరువు మోపమంటే భయపడి కుర్చీ దిగేవారు కాదు. మిమ్మల్ని ఇంతలా నడిపించిందెవరో గానీ, రెండో కాలి ఆపరేషన్‌కీ వాళ్ళు ఉండాలి."

"ఉంటుంది డాక్టరుగారూ." తైమి వెనక్కి చూడకుండానే గట్టిగా అంది. "ఒక్క సోమవారం కూడా మానదు."

వల్మా నవ్వాపుకోలేకపోయింది.

తైమి ఇటు తిరిగేలోగా హెల్మీ బయటికి నడిచింది. ఇరవై ఏళ్ళలో, తైమి ఉన్న చోటునుంచి ఆమె లేచి వెళ్ళడం అదే మొదలు.

రాసింది: రౌహా లిండెమన్, డెబ్భై నాలుగేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది ఫిన్లాండ్‌లోని క్వోపియోలో.