స్తంభం చాటు బెంచీ

“నాకు స్టాటిస్టిక్సే ఇప్పించమ్మా,” అంది అన్నపూర్ణేశ్వరి మళ్ళీ.

శరణ్యకు తల తిరిగినంత పనైంది. అరవై దాటినవాళ్ళు కాలేజీ క్లాసుల్లో కూర్చుని పాఠాలు వినే పథకం అది. ఎవరికి ఏ సబ్జెక్టు నప్పుతుందో చూసి సంతకం పెట్టడం ఆమె పని. నిరుడు ఒక రిటైరైన ఆఫీసరుగారు ఆమె మాట విని ఫిలాసఫీలో చేరి, వారం తిరక్కుండా మొహం చాటేశారు. పైవాళ్ళు పెట్టిన చీవాట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఈసారీ తప్పుడు సలహా ఇస్తే ఉద్యోగానికే ఎసరని ఆమె భయం. గడువు చూస్తే ఈ సాయంత్రమే.

ఎదురుగా ఈవిడ! కుదురుగా కూర్చోదు. వరండాలో అడుగుల చప్పుడైతే చాలు, కొంగు తలమీదికి లాక్కుని గోడవైపు తిరుగుతుంది. ఊరుకాని ఊళ్ళో తెలుగావిడ కదాని ముచ్చటపడి టీ తెప్పిస్తే, అదీ చల్లారిపోయింది.

శరణ్య ఫోను మోగింది. వాళ్ళమ్మే, పొద్దుట్నుంచీ ఇదే వరస. విసుగ్గా కట్ చేసి బోర్లించింది. అన్నపూర్ణేశ్వరి ఆ ఫోను వంక చూసి తల దించుకుంది.

“ఆంటీ, మీరు చదివింది టెన్త్. ఆ క్లాసంతా ఇంగ్లీషు, పైగా లెక్కలు. హాయిగా సంగీతం తీసుకోండి.”

“వద్దమ్మా.”

పోనీ ఇంటి దగ్గర ఏదైనా చూసుకోమంది శరణ్య. ఇందిరాపురం నుంచి ధౌలా కువాన్‌లోని ఈ కాలేజీ దాకా ఈ ఎండల్లో మెట్రోలు మారుతూ రావడం ఏం అవస్థని నచ్చజెప్పింది. ఆవిడ వింటేనా! పరీక్ష రాయాలా, హాజరుకి పేరు పెట్టి పిలుస్తారా అని ఆరా తీసింది. రెండూ లేవన్నాక ఊపిరి పీల్చుకుంది. సారు మధ్యలో మంచినీళ్ళయినా తాగుతారా అని కూడా అడిగింది. ఇదేం ప్రశ్నో శరణ్యకు అంతుపట్టలేదు. బాగా వినపడేలా ముందు బెంచీ ఇప్పిస్తానంటే మాత్రం ఆవిడ బెదిరిపోయింది. చివరి బెంచీయే కావాలట, అదీ స్తంభం చాటున.

ఇక శరణ్యకు ఓపిక అయిపోయింది. పెన్ను మూసేసింది.

“ఎందుకో చెప్పందే సంతకం పెట్టను ఆంటీ. ఆ స్టాటిస్టిక్స్ చెప్పే ఉదయ్‌కిరణ్ సార్ సంగతి మీకు తెలీదు. మొదలెడితే గంటసేపు ఆపకుండా మాట్లాడతారు. మీకు ఒక్క ముక్క అర్థం కాదు.”

“గంటసేపా?”

అన్నపూర్ణేశ్వరి మొహం వెలిగిపోయింది. అంతసేపూ కాలు నిలవని మనిషి ఇప్పుడు కుర్చీలో స్థిమితంగా కూర్చుంది. వరండా వైపు ఒకసారి చూసి, శరణ్య చేతిమీద చెయ్యి వేసి, గొంతు తగ్గించింది.

“ఇంట్లో నాతో నిమిషమైనా మాట్లాడడమ్మా, నా కొడుకు.”