మూడో మైకు

పాత టూత్‌బ్రష్‌తో ఫ్లోరెన్స్ సౌండు మిక్సరు మీటల సందుల్లో దుమ్ము దులుపుతోంది. తెల్లారితే ఇంట్లో కూతురు పరిమళ జ్ఞాపకార్థ కూడిక. జగ్గయ్యపేట చర్చిలో సౌండు చూసే ఫ్లోరెన్స్ భర్త జయరాజ్, ఆ పెట్టెను ఇంటికి తెచ్చి వైర్లు కలుపుతున్నాడు. మొదటి మీట పాస్టరుగారి మైకుకి, రెండోది కీబోర్డుకి. మూడో మీట కింద అతికించిన కాగితం మీద ‘పరిమళ’ అని ఇంకా ఉంది.

“పీకెయ్యనా అండీ?”

“ఉండనియ్యి.”

చివరి ఆదివారం చర్చిలో పాట మధ్యలో పిల్లకి దగ్గొచ్చింది. నలుగురిలో బాగుండదని జయరాజ్ ఆ మీటను పూర్తిగా కిందికి దించేశాడు. మళ్లీ పెంచడం మర్చిపోయాడు. తన గొంతు ఎవరికీ వినపడడం లేదని తెలియక, ఆమె చివరిదాకా పాడింది. గురువారానికి పిల్లే లేదు.

రోడ్డు మీద ముక్త్యాల వైపు వెళ్లే లారీల మోత సద్దుమణిగింది. కరెంటు పెట్టగానే మూడో మీట పక్కనున్న చిన్న దీపం పచ్చగా వెలిగి ఆరింది.

“దానికి వైరు పెట్టారా?”

“లేదే.”

హెడ్‌ఫోన్ పెట్టుకున్న జయరాజ్ మొహం పాలిపోయింది. ఫ్లోరెన్స్ దాన్ని లాక్కుని తను పెట్టుకుంది. కుడిచెవిలో ఏమీ లేదు. ఎడమచెవిలో, చర్చిలో పరిమళ ఎప్పుడూ నిలబడే వైపు, చిన్న దగ్గు. తరవాత, పాట ఎత్తుకునే ముందు తీసే ఊపిరి. మళ్లీ దగ్గు. మళ్లీ ఊపిరి.

“పెంచండి,” అంది ఫ్లోరెన్స్ ఏడుస్తూ. “మీ కోసమే ఆగిందండీ అది.”

అతని వేలు మీట దాకా వెళ్లి ఆగిపోయింది. పచ్చదీపం వెలుగుతూ, ఆరుతూ ఉంది. జయరాజ్ లేచాడు. మీట పెంచకుండానే, చెప్పులైనా వేసుకోకుండా, తలుపు తీసుకుని చీకట్లోకి వెళ్లిపోయాడు.