చోటు వదలని దున్న

కుర్రదున్న కరకుతో వేగలేక నల్లవ్వ ప్రాణం విసిగిపోయింది. పులి వస్తే దూడల్ని నడుమ పెట్టి, చుట్టూ కొమ్ములు వంచి నిలబడాలి. అడవిదున్నల మందలో అదే కట్టుబాటు. మందపెద్దగా నల్లవ్వ ఎన్నిసార్లు చెప్పినా కరకు చెవికెక్కదు.

ఆ పొద్దున పులి కనబడగానే కరకు రంకేసి ఉరికాడు. పులి వాణ్ణి తప్పించుకుని, వాడు వదిలిన సందు వైపే దూకింది. పక్కనున్న బెదురు అనే దున్న ఆ సందులోకి జరిగాడు. కాళ్లు గడగడ వణుకుతున్నా కదల్లేదు. దారి దొరక్క పులి వెనుదిరిగింది.

కరకు రొప్పుతూ వచ్చి, ముళ్లపొదలో గీరుకున్న భుజం చూపించాడు. "చూడవ్వా, నాకు భయమంటే తెలీదు. బెదురు చూడు, ఇంకా వణుకుతున్నాడు."

"అవున్రా, వణుకుతూనే ఉన్నాడు," అంది నల్లవ్వ. "నీ చోట్లో నిలబడి."