బల్ల దగ్గర చోటు

పాస్టరు రొట్టెను రెండు చేతుల్లోకి తీసుకుని అంచులు తడిమాడు. చూపు పోయాక ఆయనకు వేళ్ళే కళ్ళు.

"పులిసిన పిండి కాదుగదా?"

"కాదు నాన్నా. పొద్దున్నే కలిపి వెంటనే పెనం మీద వేశాను."

ఆయన చేతులు ఆగాయి. "నువ్వా? నిన్నెవరు రానిచ్చారు? గొంతు మీ అమ్మది, మొండితనం నాది. పోవే అవతలికి!"

ఆమె పోలేదు. మంచం పక్కన గచ్చు మీద మోకాళ్ళూనింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. పంటి బిగువున ఓర్చుకుంది.

ఆదివారం వస్తే ఇదే తంతు. మందిరం దాకా నడిచే ఓపిక పోయిన దగ్గర్నుంచీ పాస్టరు మంచం మీదే ఆరాధన జరుపుతున్నాడు. సంఘమంటే ఆయన్ని వదలని పాత దర్జీ ఒక్కడే. మూలనున్న స్టూలు మీద, తలుపుకు చేరేసిన గొడుగులా కూర్చుంటాడు.

మూటలో దూరిన ఎలుక గుడ్డల్ని కొరికినట్టు మతిమరుపు పాస్టరు బుర్రను కొరికేసింది. తిన్నదీ గుర్తుండదు, పడుకున్నదీ గుర్తుండదు. దర్జీ అలికిడి విని పోస్టుమాన్ అనుకుని ఉత్తరాలేవీ అని అడుగుతాడు. రెండు మాత్రం ఆ ఎలుకకు కొరుకుడు పడలేదు. రొట్టె విరిచేటప్పుడు చెప్పే మాటలు ఒకటి. కూతురు చేసిన తప్పు ఇంకొకటి.

తప్పంటే ఇదీ. ఏళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున ఆరాధనకని కాల్చి ఉంచిన రొట్టెను ఆ పిల్ల గడప దగ్గరికొచ్చిన ఓ నిండు చూలాలి చేతిలో పెట్టేసింది. వచ్చినామెకు బాప్తిస్మం సంగతి దేవుడెరుగు, పూటకింత తిండే లేదు. ఇంట్లో మరో రొట్టెకు పిండి లేదు. మందిరంలో ప్రభువు బల్ల ఖాళీగా ఉండిపోయింది. సంఘం ముందు తల కొట్టేసినట్టయిన పాస్టరు, ప్రభువు శరీరాన్ని పలహారం చేసిందంటూ సొంత కూతుర్ని అక్కడికక్కడే బల్లకు దూరం పెట్టాడు. తప్పు ఒప్పుకునే దాకా రొట్టె లేదన్నాడు. పిల్ల ఒప్పుకోలేదు.

ఇవాళ ఆయన ఊపిరి పిల్లికూతలు పెడుతోంది. వచ్చే ఆదివారం మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. కూతురికని ఆ చేత్తో ఇవాళ ముక్క విరవకపోతే ఇక విరిచే చెయ్యే ఉండదు.

"నాన్నా, నాకో ముక్క పెట్టు."

"తప్పయిందను."

"ఆకలేసిన మనిషికి పెడితే తప్పా? రాజు కాకముందు ఒకాయన ఆకలికి ఆగలేక దేవుడి ముందుంచిన సన్నిధి రొట్టెలే తిన్నాడని నువ్వే కదా చెప్పావు?"

"నాకే వాక్యం చెప్తున్నావా? తాతకు దగ్గులు నేర్పినట్టు!" అన్నాడు. అంటూనే దగ్గు తెర వచ్చి మెలికలు తిరిగిపోయాడు.

ఆమె ఆయన వీపు నిమిరింది. ఆయన ఆ చేతిని విదిలించుకున్నాడు.

"లేవండమ్మా," అన్నాడు దర్జీ మెల్లగా. "ఆయన మారడు. మీ మోకాళ్ళరగడం తప్ప ఒరిగేదేం లేదు."

"మీరూరుకోండి."

దగ్గు ఆగింది. పాస్టరు తల అటూ ఇటూ తిప్పాడు. "మీ అమ్మేదీ?"

ఆమె తడబడింది. "పెనం తోముతోంది."

"చప్పుడు లేదే?"

దర్జీ గబుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళాడు. పెనం మీద గరిటెతో టంగుమనిపించి వచ్చాడు.

"ఆ, అదీ! నా మీది కోపం గిన్నెల మీద తీర్చుకుంటుంది. నిన్ను దూరం పెట్టిన నాటి నుంచి అదీ నా చేతి రొట్టె ముట్టలేదు."

"అమ్మ నిన్ను క్షమించలేదు నాన్నా."

"తెలుసు."

"ఎప్పటికీ క్షమించదు." ఆ గొంతులో తడి లేదు.

పాస్టరు రొట్టెను తడిమి ఒడిలోకి లాక్కున్నాడు.

"ఎడారిలో ఆకాశం నుంచి రాలిన మన్నాను రేపటికని దాచుకున్నవాళ్ళకు ఏమైంది నాన్నా?"

"పురుగు పట్టింది. కంపు కొట్టింది."

"నువ్వు నాకు పెట్టకుండా దాచుకున్నదీ అంతే. ఇంకెప్పుడు పెడతావు?"

పాస్టరు వేళ్ళు మళ్ళీ రొట్టె అంచుల వెంట తిరిగాయి.

"ఆ చూలాలు... తిన్నదా?"

ఇన్నేళ్ళలో ఆ మాట అడగడం ఇదే మొదలు.

"గడపలోనే కూర్చుని తిన్నది నాన్నా. ఒడిలో పడ్డ పొడి కూడా ఏరుకుని తిన్నది."

"ఊఁ." ఆయన మొహం గోడ వైపు తిరిగింది. "తప్పు ఒప్పుకోవుగా?"

"ఒప్పుకోను."

"నా పిల్లవే."

రొట్టెను పైకెత్తాడు. కృతజ్ఞత చెప్పాడు. విరవడానికి ముందు చెప్పే మాటలు ఒక్కటీ తప్పిపోకుండా చెప్పాడు. విరిచాడు. పెద్ద ముక్క ఏదో వేళ్ళతో చూసుకుని దాన్ని ముందుకు చాచాడు.

"తీసుకో తల్లీ."

ఆమె దోసిలి పట్టింది. దర్జీ చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"మీ అమ్మకు చెప్పు, పెట్టానని," అన్నాడు పాస్టరు దిండు మీదికి వాలిపోతూ.

"విన్నది నాన్నా."

ఆమె ఆ ముక్క నోట్లో పెట్టుకోలేదు. చేతిరుమాలులో చుట్టుకుని, గోడ పట్టుకుని లేచి, వాకిలి దాటింది.

ఎండలో పడి సమాధుల తోట దాకా నడిచి, బల్లకు దూరంగానే కన్నుమూసిన కూతురి రాతిపలక మీద ఆ ముక్కను ఉంచి, "మీ నాన్న పెట్టాడే, తిను," అంది పాస్టరు భార్య.