కంచం తిప్పిన కోడలు

"ఏందే అది? నా కొడుకు అటు పోంగనే కంచం తిప్పుతున్నవ్?"

కౌసల్య గొంతుకు ఆ చిన్న హోటల్లో తింటున్నవాళ్లంతా తలలెత్తారు. ఎదురుగా కూర్చున్న కోడలు మారిసెల్ చెయ్యి కంచం అంచు మీదే ఆగిపోయింది.

ఫిలిప్పీన్స్ పిల్ల. భాస్కర్ డాక్టరు చదువుకు ఆ దేశం పోయి, ఈమెను పెళ్లి చేసుకుని వచ్చాడు. సూర్యాపేటలో హైవే పక్కన తమ దేశపు వంటలతో ఆ పిల్ల హోటలు పెట్టుకుంది. అద్దాల వెనక కూరలు వరసగా ఉంటాయి. కావలసినదాన్ని వేలితో చూపిస్తే చాలు, కంచంలో పడుతుంది.

కోడలిని మాడుగులపల్లి ఇంటికి రానివ్వాలా వద్దా తేల్చుకుందామని కౌసల్య ఇవాళే మొదటిసారి వచ్చింది. చెప్పొద్దూ, అప్పటిదాకా అంతా బాగానే ఉంది. వేలు చూపించి చేపల పులుసు పెట్టించుకుంది. చింతపండు పులుపు నాలుకకు తగలగానే "ఇది మన పులుసే కదరా!" అని నవ్వింది కూడా. అంతలో దవాఖాన నుంచి ఫోనొస్తే భాస్కర్ సగం అన్నం వదిలేసి బండెక్కాడు. అతను అటు పోయాడో లేదో, ఈ పిల్ల తన కంచాన్ని గుండ్రంగా ఒక చుట్టు తిప్పింది.

"మంచిది అత్తమ్మా... మంచిది..." అంది మారిసెల్. తెలుగు వింటే అర్థమవుతుంది గాని, ఆమె నోటికి ఇంకా రాదు.

"ఏం మంచిది? చేతబడి చేస్తున్నవా నా కొడుకు మీద?"

కౌసల్య ఎంగిలి చేత్తోనే లేచింది. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. అయినా చెయ్యి ఊరుకోలేదు, మళ్లీ కంచం తిప్పింది.

"ఓయమ్మో, ఇప్పుడు నా మీదనా! సూడు, ఇగ నా గడప తొక్కినవో, బాగుండదు!"

ఆమె ఎక్కిన మిర్యాలగూడ బస్సు సూర్యాపేట దాటిందో లేదో భాస్కర్ ఫోను చేశాడు. "అన్నం తిన్నవా అమ్మా?"

"తినుడా! నీ పెండ్లాం కంచాలు తిప్పుతుంటే ఎట్ల తినాలెరా?" అంటూ జరిగిందంతా ఏకరువు పెట్టింది.

"అయ్యో అమ్మా... తినేటప్పుడు ఎవరన్నా మధ్యల లేశి పోతె, మిగిలినోళ్లు కంచం తిప్పుతరు. వాళ్ల దిక్కు గట్లనే. తొవ్వల ఏ ఆపదా రావొద్దని, సల్లగ చేరాలెనని."

కౌసల్య చేతికి ఇంకా పులుసు వాసన వస్తోంది. తిట్లు తింటూ కూడా తన కోసం తిప్పిందా ఆ పిల్ల!

"డ్రైవరన్నా, జర ఆపు!"

"గీడ స్టాపు లేదు పెద్దమ్మా."

"నాకున్నది, ఆపు!"

ఆటో పట్టుకుని వచ్చేసరికి హోటల్లో వడ్డించే నాగరాణి ఒక్కతే ఉంది.

"అక్క మీ ఎనకనే స్కూటీ మీద పోయింది కద పెద్దమ్మా. అత్తమ్మ సగమే తిన్నదని పులుసు డబ్బల పోసుకొని పోయింది. ఫోను గూడ గీడనే మరిసింది."

బయట హైవే మీద లారీ వెనక లారీ. ఆ పిల్ల బయలుదేరినప్పుడు కంచం తిప్పడానికి ఎవరున్నారు? ఉన్న ఒక్క మనిషీ తిట్టి లేచిపోయె!

"బిడ్డా, నాకో కంచం పెట్టు."

"ఏది గావాలె, చూపించున్రి."

"ఏదైతేంది, పెట్టు!"

రెండు ముద్దలు మింగి కంచం తిప్పింది. సరిగ్గా తిప్పానో లేదోనని మళ్లీ తిప్పింది. అన్నం ఎండిపోయినా ఆ కంచం ముందు నుంచి లేవలేదు. నాగరాణికి తీయడానికి చెయ్యి రాలేదు.

ఫోను మోగింది. భాస్కర్.

"అమ్మా, ఎక్కడున్నవ్? నాయిన ఫోన్ చేసిండు. మారిసెల్ మన ఇంటికి పోయిందట."

"మంచిగున్నదారా? మంచిగ చేరిందా?"

"చేరింది. లోపలికి రా బిడ్డా అని నాయిన ఎంత బతిమాలినా వస్తలేదట. 'అత్తమ్మ... గడప... వద్దు...' అనుకుంట, డబ్బ పట్టుకొని ఎండల వాకిట్లనే నిలబడ్డదట."